కష్టమా, ధైర్యమా, అదృష్టమా? రొయ్యల చెరువులో డబ్బు దేనికి వస్తుంది

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద 20 ఏళ్లుగా జీతానికి పని చేస్తున్నారని, అంత కష్టపడినా సొంత ఇల్లు కట్టలేకపోయారని, ఆ చెరువుల యజమాని మాత్రం మేడల మీద మేడలు కట్టారని రాశారు. మీరు హైదరాబాద్‌లో 45 వేల జీతం వదిలేసి, దాచుకున్న 15 లక్షలతో 10 ఎకరాలు లీజుకు తీసుకుని వనామి రకం రొయ్య వేయాలనుకుంటున్నారు. "అసలు డబ్బు కష్టానికి వస్తుందా, రిస్క్ తీసుకున్నవాడికి వస్తుందా, అంతా అదృష్టమేనా?" అని అడిగారు.

నేను 2001లో 2 ఎకరాల నీలకంఠ (టైగర్) రొయ్యతో ఉప్పుటేరు పక్కన మొదలుపెట్టాను. 2010 నుంచి వనామి. బాగా సంపాదించిన ఏళ్లున్నాయి, పొలం అమ్ముకున్న ఏడాదీ ఉంది. నాకు తెలిసింది తెలిసినట్టు, లెక్కలతో సహా రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన కష్టానికి ఫలితం దక్కలేదని మీరు బాధపడుతున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, మా నాన్న కూడా ఒకరి దగ్గర గుమస్తాగా చేసినవాడే. కానీ ఒక్క విషయం గమనించండి. జీతం అంటే చెరువు పండినా, పోయినా చేతికొచ్చే డబ్బు. రొయ్యకు తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువంతా పోయిన నెలలో కూడా మీ ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆ నెల యజమాని ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. ఆ ఒప్పందంలో నష్టం యజమానిది, అందుకే లాభమూ యజమానిదే అయింది. అర్ధరాత్రి లేచి చెరువును కాపాడిన రోజుకూ, హాయిగా పడుకున్న రోజుకూ మీ నాన్నగారికి ఒకటే జీతం. ఇందులో నాకు అన్యాయంగా అనిపించేది ఒక్కటే. మొదటి ఐదేళ్ల తర్వాత ఆయన దగ్గర ఉన్నది ఒంటి కష్టం మాత్రమే కాదు, అనుభవం కూడా. అనుభవానికి జీతం కాకుండా పంటలో వాటా అడగాల్సింది. టన్నుకు ఇంత అనో, లాభంలో నూటికి ఐదు అనో. మా వైపు కొందరు యజమానులు అడిగితే ఇస్తారు. అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు.

ఇక మేడల సంగతి. నేను మొదలుపెట్టినప్పుడు మా బోదె మీద, అంటే చెరువులకు నీళ్లు తోడుకునే కాలువ మీద, మేం పదకొండు మందిమి. ఇవాళ నలుగురం మిగిలాం. మిగతా ఏడుగురిలో ఒకాయన విజయవాడలో కారు నడుపుతున్నాడు, ఇద్దరు చెరువులు లీజుకిచ్చేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు, ఒకాయన అప్పులవాళ్లకు భయపడి ఊరే వదిలేశాడు. వాళ్లెవరూ సోమరులు కారు. ఊరు వదిలిపోయినాయన నాకన్నా ముందు గట్టు మీదకి వచ్చేవాడు. నిలబడ్డవాళ్ల మేడలు రోడ్డు మీద నుంచే కనబడతాయి. పోయినవాళ్లు కనబడరు కాబట్టి వాళ్లను మనం లెక్కలో వేయం. మీరు లెక్కలో వేయండి.

ఇప్పుడు అసలు లెక్క. ఒక ఎకరం చెరువు తీసుకుందాం. రేట్లు వారానికోసారి మారతాయి, ఇవి ఉదాహరణకు వేసుకున్నవి. లక్షన్నర రొయ్యపిల్ల, పిల్ల 40 పైసల చొప్పున 60 వేలు. నూటికి 70 బతికి, 50 కౌంట్‌కి వస్తే, అంటే కిలోకి 50 రొయ్యలు తూగితే, 2,100 కిలోల సరుకు. అంత సరుకుకు సుమారు 2,940 కిలోల మేత, కిలో 90 చొప్పున 2.65 లక్షలు. కరెంటు, డీజిల్ 60 వేలు. మందులు, మినరల్స్, సున్నం, బ్లీచింగ్ 50 వేలు. కూలి 30 వేలు. లీజు పంటకు 50 వేలు. మొత్తం 5.15 లక్షలు. కిలో 330కి అమ్మితే 6.93 లక్షలు వస్తాయి. ఎకరానికి మిగిలేది 1.78 లక్షలు.

ఈ అంకె చూసే అందరూ 10తో హెచ్చవేసుకుంటారు. 17.8 లక్షలు, ఏడాదికి రెండు పంటలు, 35 లక్షలు! మీరూ అదే చేశారని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. తప్పుపట్టడం లేదు, నేనూ చేశాను.

ఇప్పుడు పోయిన పంట చూడండి. యాభయ్యో రోజున జబ్బు కనబడి, ఉన్నది ఉన్నట్టు పట్టేశారనుకోండి. 120 కౌంట్ మీద ఉంటుంది. లక్ష రొయ్యలు దక్కినా 833 కిలోలు, కిలో 200 చొప్పున 1.67 లక్షలు. అప్పటికి అయిన ఖర్చు 2.66 లక్షలు. ఎకరానికి దాదాపు లక్ష పోయింది. ఇది కూడా సకాలంలో వల వేసినవాడి లెక్క. రెండు రోజులు "చూద్దాంలే" అనుకుంటే పట్టడానికి రొయ్య ఉండదు, అడుగున చచ్చి ఎర్రబడిపోతుంది.

రెండెకరాలు వేసి, మూడు పంటల్లో ఒకటి పోయిందనుకోండి. రెండు మంచి పంటలకు 7.12 లక్షలు వచ్చాయి, పోయిన పంటకు 1.98 లక్షలు పోయాయి. సగటున పంటకు 1.71 లక్షలు. ఐదు నెలల పాటు గట్టు మీద కాపురం ఉన్న మీకు జీతం వేసుకోరా? మా రైతులు చేసే పెద్ద పొరపాటు ఇదే, సొంత కష్టానికి జీతం రాసుకోరు. నెలకు 25 వేలు వేసినా 1.25 లక్షలు. ఇక మిగిలింది 46 వేలు. పది లక్షలకు పైగా డబ్బు నీళ్లలో పోసి, ఐదు నెలలు టెన్షన్ పడితే, రిస్క్ తీసుకున్నందుకు దక్కింది ఆ 46 వేలు. ఆ డబ్బే 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసుకుంటే ఐదు నెలలకు 30 వేలు వస్తుంది.

మరి కష్టం దేనికి? ఇక్కడే దాని విలువ తెలుస్తుంది. అదే రెండెకరాల్లో మూడింటికి ఒకటి కాకుండా ఐదింటికి ఒకటి మాత్రమే పోయేలా చూసుకున్నవాడికి, తన జీతం పోనూ పంటకు 1.2 లక్షలు మిగులుతుంది. 46 వేలు ఎక్కడ, 1.2 లక్షలు ఎక్కడ! కష్టపడ్డామని రొయ్య ఎక్కువ ధర పలకదు. పంట పోయే అవకాశం తగ్గుతుంది. కష్టానికి దక్కే డబ్బంతా అందులోనే ఉంది, వేరే ఎక్కడా లేదు.

ఆ కష్టం ఎలా ఉంటుందో మీ నాన్నగారిని అడగండి, నాకంటే బాగా చెబుతారు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లవారుజామున. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు పీల్చుకుంటుంది. 2012లో ఒక రాత్రి, మూడు దాటింది, కరెంటు పోయింది. జనరేటర్ బటన్ నొక్కితే గుడగుడమని ఆగిపోయింది. బ్యాటరీ డౌన్. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటర్ 2.8 చూపిస్తోంది, నాలుగుకు తగ్గకూడదు. టార్చి వేసి చూస్తే గట్టు వారంతా ఎర్రగా మెరుస్తున్న కళ్లు. రొయ్యలన్నీ ఊపిరికోసం అంచుకు వచ్చేశాయి. నేనూ మా కుర్రాడూ ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీసి, వైర్లు కలిపి జనరేటర్ లేపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరిగి, నీళ్లు తెల్లగా ఎగిరిపడుతుంటే గట్టు మీద అలాగే కూలబడిపోయాను. చెరువు దక్కింది. అయితే ఆ రాత్రి నేను పడ్డ పాట్లకన్నా విలువైన కష్టం ఇంకొకటుంది. వారానికోసారి ఐదు నిమిషాలు జనరేటర్ ఆడించి చూడటం. అది చేసి ఉంటే ఆ రాత్రే ఉండేది కాదు. ఆ ఐదు నిమిషాలను ఎవరూ మెచ్చుకోరు, అందుకే ఎవరూ చేయరు.

పంటకు ముందు చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టడం, పిల్ల కొనేముందు జబ్బులేమైనా ఉన్నాయేమోనని పీసీఆర్ పరీక్ష చేయించడం, పిల్లను తయారుచేసే హేచరీకి స్వయంగా వెళ్లి పిల్ల ఎలా ఈదుతోందో చూడటం, గట్టు చుట్టూ పీతలు రాకుండా వల, పైన పక్షులకు దారాలు. మేత వేసిన రెండు గంటలకు, నీళ్లలో ఉంచిన చెక్ ట్రే అనే పళ్లెం ఎత్తి మిగిలిన మేతనూ, రొయ్య పేగు నిండిందో లేదో చూడటం. అమావాస్య, పౌర్ణమికి కుబుసం విడిచే రోజుల్లో మేత తగ్గించడం. ఇవన్నీ విసుగు పుట్టించే పనులు. కష్టం అంటే చెమట కారేదే అనుకుంటాం గానీ, చెరువు మీద ఎక్కువ డబ్బు కాపాడేది ఇలాంటి విసుగు పనులే.

కష్టంతో తగ్గని రిస్క్ కూడా ఉంది. దాన్ని దీనితో కలిపేసుకుని చాలామంది మునిగిపోయారు.

2013 గురించి చెబుతాను. ఆ ఏడాది మా ప్రాంతంలో ఎవరు రొయ్య వేసినా డబ్బు చూశారు. నాకు 4 ఎకరాల్లో వచ్చిన లాభంతో ఇల్లు పూర్తయింది, చెల్లి పెళ్లి బాకీ తీరింది. మేమంతా మా తెలివనుకున్నాం. అసలు కారణం థాయ్‌లాండ్‌లో ఉంది. ఈఎంఎస్ అనే జబ్బు వచ్చి అక్కడి రొయ్యల ఉత్పత్తి సగానికి సగం పడిపోయింది. అమెరికాకు సరుకు చాల్లేదు, ధర ఎగిరింది. మన దగ్గర 2009లోనే వనామికి అనుమతి వచ్చి, చెరువులు సిద్ధంగా ఉన్నాయి. అక్కడి రైతు గోడు మన గట్టు మీద పండగైంది. అక్కడివాళ్లు నాకన్నా తక్కువ కష్టపడ్డారా?

దానికి తిరగబడ్డ రోజులూ చూశాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే రొయ్యను శుభ్రం చేసి ఎగుమతి చేసే ప్లాంట్లకు కూలీలు లేక, కొనేవాడు లేక, మేత దొరుకుతుందో లేదోనన్న భయంతో ఎదగని రొయ్యను పట్టేసుకున్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అప్పటికి మన రొయ్యకు అతి పెద్ద మార్కెట్ అదే. కబురు అందిన రోజుకే సరుకు కొనే ఏజెంట్లు ధర తగ్గించేశారు. అప్పటికి వంద రోజులు రాత్రింబవళ్లు కాపాడుకున్న చెరువులున్నవాళ్లు ఏం చేయగలరు? ఇంకో గంట ముందు లేస్తే సుంకం తగ్గుతుందా?

జబ్బుల్లోనూ అలాంటిది ఒకటుంది. తెల్లమచ్చ వస్తే మూడు నాలుగు రోజుల్లో తేలిపోతుంది, ఏడ్చి ఊరుకుంటాం. ఈహెచ్‌పీ అలా కాదు. రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ దిగదు. 80 రోజులైనా 110 కౌంట్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ కష్టజీవికే ఎక్కువ నష్టం. "ఇన్నాళ్లు చూశాను, ఇంకో పది రోజులు చూస్తాను" అని మొండిగా మేత పోస్తూనే ఉంటాడు. వారం వారం తూకం చూసి, రెండు వారాలు బరువు పెరగకపోతే పట్టేసే మనసు ఉండాలి. చేతులారా పెంచినదాన్ని నష్టానికి పట్టేయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు.

నా దెబ్బ కూడా చెప్పాలి. 2013 లాభం చూసుకుని 2014లో 4 ఎకరాల నుంచి 18 ఎకరాలకు వెళ్లాను. ఇంకో 14 ఎకరాలు లీజు, ఏడాది లీజు ముందే కట్టాను. మేత అంతా డీలర్ దగ్గర అరువు. చేతిలో మిగిలిన డబ్బు డీజిల్‌కే సరిపోయేది. అంత విస్తీర్ణానికి ఒక్కణ్ణే తిరగలేక కొత్త కుర్రాళ్ల మీద వదిలేశాను. జూన్‌లో పక్క చెరువులో తెల్లమచ్చ వచ్చింది. వాళ్లు ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి నీళ్లు బోదెలోకి వదిలేశారు. మర్నాడు పొద్దున్న మా కుర్రాడు అదే బోదె నుంచి నీళ్లు తోడాడు. పది రోజుల్లో 9 ఎకరాలు పోయాయి. నేను 4 ఎకరాల మీద ఉన్నప్పుడు బోదె వాసన చూసి గానీ ఇంజన్ వేసేవాణ్ణి కాదు. రెండోపంటకు డీలర్ అరువు ఇచ్చాడు గానీ, సరుకు తను చెప్పిన ఏజెంట్‌కే ఇవ్వాలన్నాడు. ఒప్పుకున్నాను. వేరే దారి లేదు. మా నాన్న కొన్న రెండెకరాల వరిపొలం 2015లో అమ్మాను. రిజిస్ట్రేషన్ రోజు ఆయన సంతకం పెట్టి, ఏమీ మాట్లాడకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. బాకీలు తీరడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ నేను జీవితంలో ఎప్పుడూ పడనంత కష్టం పడ్డాను, అదంతా వడ్డీకి వెళ్లింది.

అరువు లెక్క కూడా చూడండి, ఎందుకంటే మీ 10 ఎకరాల పథకం దాని మీదే నిలబడుతుంది. అరువు మేతకు కిలోకి 6 రూపాయలు ఎక్కువ వేస్తారనుకోండి, ఎకరానికి 17,640. సరుకు వాళ్లు చెప్పినవాళ్లకే ఇవ్వాలి కాబట్టి కిలోకి 20 తక్కువ, అది 42 వేలు. రెండూ కలిపి దాదాపు 60 వేలు. 1.78 లక్షల లాభంలో మూడో వంతు పోయింది. పైన రెండెకరాల మీద మిగిలిన 46 వేలు అరువు రైతుకు 34 వేల నష్టమవుతుంది. అదే నేల, అదే నీళ్లు, అదే కష్టం. చేతిలో డబ్బున్నవాడికి లాభం, లేనివాడికి నష్టం. డీలర్‌ను తిట్టడానికి రాయడం లేదు, ఆయన డబ్బూ మునిగేదే. కానీ హేచరీవాళ్లు పిల్ల ఇచ్చిన రోజే డబ్బు తీసుకుంటారు, నేల యజమాని లీజు ముందే తీసుకుంటాడు, ఏజెంట్ కమీషన్ తూకం దగ్గరే పట్టుకుంటాడు. అందరూ తీసుకున్నాక మిగిలింది రైతుది. మిగలకపోతే ఆ నష్టమూ రైతుదే.

10 ఎకరాలకు పంట పెట్టుబడి 51.5 లక్షలు. మీ దగ్గర 15. మిగతా 36.5 లక్షలు అరువో, వడ్డీకో. మొదటి పంటే పోతే మీ 15లో 10 లక్షలు పోతాయి. ఐదు లక్షలతో 10 ఎకరాల రెండో పంట వేయలేరు, వేయకపోతే బాకీ తీరదు. అది ధైర్యం కాదు తమ్ముడూ, ఒక్క పంట మీద బతుకంతా పెట్టడం.

అదే 2 ఎకరాలైతే పెట్టుబడి 10.3 లక్షలు, మొత్తం మీ సొంత డబ్బే. పంట పోతే 2 లక్షలు పోతుంది, 13 ఉంటాయి. వరసగా ఇంకోటి పోయినా 11 ఉంటాయి, మళ్లీ నగదుతోనే వేయగలరు. మూడో దెబ్బ దాకా ఎవరి దగ్గరా చేయి చాచక్కర్లేదు. 2013 లాంటి ఏడాది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చిన రోజుకు చెరువులో రొయ్య ఉన్నవాడిదే డబ్బు. మా బోదె మీద మిగిలిన నలుగురమూ అందరికంటే తెలివైనవాళ్లం కాదు, ఆ రోజు దాకా ఆటలో ఉన్నవాళ్లం. నేను 2015 తర్వాత మళ్లీ 5 ఎకరాలు దాటలేదు.

కాబట్టి నా సలహా. ఉద్యోగం వదలకండి. కనీసం నాలుగు పంటలు అయ్యేదాకా వదలకండి. మీ 45 వేల జీతమే ఆ చెరువుకు అసలైన బీమా. చెరువు పోయిన నెల కూడా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, ఇన్నాళ్లూ మీ నాన్నగారి జీతం చేసిన పని అదే. చెరువు మీద ఆయన్ని ఉండనివ్వండి. 20 ఏళ్ల అనుభవం మీ ఇంట్లోనే ఉంది, మీరు 10 ఎకరాలు వేసి నేర్చుకోబోయేది ఆయనకు ఇప్పటికే తెలుసు. ఆయనకు నెలనెలా జీతం వేయండి, మొహమాటపడి వద్దన్నా వేయండి, పుస్తకంలో రాయండి. పంట లాభంలో సగం ఆయన పేరు మీద వేయండి. పిల్ల ఎకరానికి లక్షన్నర కాకుండా లక్షతో మొదలుపెట్టండి. సరుకు తగ్గుతుంది, కానీ నీళ్ల మీద ఒత్తిడీ, పెట్టుబడీ రెండూ తగ్గుతాయి.

చెరువు మీరు ఎంచకండి, ఆయన్ని ఎంచమనండి. నీళ్లు తోడే బోదె, నీళ్లు వదిలే డ్రెయిన్ వేరువేరుగా ఉన్నాయో లేదో ముందు చూడమనండి. ఒకటే అయితే లీజు సగానికి ఇచ్చినా వద్దు. గత రెండు పంటలు ఆ చెరువులో ఏమయ్యాయో పక్క గట్టువాళ్లను అడగండి, యజమానిని కాదు. లీజు ఏడాదిది ఒకేసారి కట్టకుండా పంటకు పంట కట్టేలా మాట్లాడండి, రెండెకరాలకు ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. మట్టి పరీక్ష, నీటి పరీక్ష కాగితాలు వచ్చాక ఇక్కడే పెట్టండి. అంకెలు చూసి ఏ సున్నం ఎంత వేయాలో, పిల్ల ఎప్పుడు దింపాలో రాస్తాను.